కంటికొలత మదర్‌బోర్డు

మా మార్కాపురంలో పలకల పని చేసేవాళ్లకు ఒక పొగరుంటుంది. పలకను చూడగానే ఏ చట్రంలో పడుతుందో చెప్పేస్తాం. టేపు అడిగినవాణ్ణి చిన్నచూపు చూస్తాం. పలక కాస్త ఎక్కువైతే ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది కూర్చోబెట్టేస్తాం. ఈ విద్యను నేను పలకల దగ్గరే ఆపి ఉంటే ఇవాళ మీ ముందు ఇలా తల దించుకుని కూర్చునేవాణ్ణి కాదు.

మా ఆవిడ కృష్ణకుమారి ఇంట్లోనే పెళ్లిపత్రికలు టైపు చేసి ప్రెస్సుకు ఇస్తుంది. ఆ కంప్యూటరు మా కాపురం కన్నా కాస్త చిన్నది. కొత్తది కొందామంటే తెలుగు టైపు చేసే ఆమె పాత ప్రోగ్రాం కొత్తవాటిలో నడవదట. అలాంటిది అక్తర్ బేగం గారి అమ్మాయి పెళ్లిపత్రిక సగంలో ఉండగా టప్పున ఆగిపోయింది. శుక్రవారానికి అది ప్రెస్సులో లేకపోతే వాళ్ల వీధి పని ఇక మా గడప తొక్కదు.

కృష్ణకుమారి విప్పి చూసి, పోయింది మదర్‌బోర్డేనని, ప్రాసెసర్ బాగానే ఉందని తేల్చింది.

"దీనికి సరిపోయే బోర్డు దొరికితే చాలు. కంభం నుంచి శివకృష్ణ వస్తాడు, వాడు చూసుకుంటాడు. నువ్వు మాత్రం చెయ్యి పెట్టొద్దు," అంది.

శివకృష్ణ నా బామ్మర్ది. పోయినసారి వచ్చి మా మిక్సీ బాగు చేశాడు. అప్పటినుంచి పచ్చడి తిన్నప్పుడల్లా వాడి పేరు కూడా నంజుకోవాల్సి వస్తోంది. కంప్యూటరు కూడా వాడే బాగు చేస్తే నేను నా ఇంట్లోనే అద్దెకున్నవాణ్ణి అయిపోతాను. వాడు వచ్చేలోపు నేనే బోర్డు బిగించెయ్యాలనుకున్నాను.

పాత కంప్యూటర్ల సామాన్లు అమ్మే అబ్బాస్ అలీ దుకాణానికి వెళ్లాను. ఏ ప్రాసెసర్ అని అడిగాడు. పాతదన్నాను. పాతవాటిలోనూ బోలెడు రకాలున్నాయని, చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒక బోర్డులోది ఇంకో బోర్డులో కూర్చోదని చెప్పి, ప్రాసెసర్ తీసుకొస్తే చూసి ఇస్తానన్నాడు. పలకలవాడికి చెప్పే మాటేనా అది? ఇంట్లో చూసిన ప్రాసెసర్ చదరాన్ని కళ్ల ముందుకు తెచ్చుకుని, గుట్టలోంచి ఒక బోర్డు ఏరి, సైజు ఇదేనన్నాను. అతను ఏదో చెప్పబోయి, నా ముఖం చూసి, సంచిలో పెట్టిచ్చాడు.

మర్నాడు కృష్ణకుమారి బజారుకు వెళ్లగానే తలుపు వేసుకుని పని మొదలుపెట్టాను. ప్రాసెసర్ ఆమె బల్ల మీద చిన్న డబ్బాలో ఉంది. నా కంటికొలత తప్పలేదు, చదరానికి చదరం సరిపోయింది. కానీ ప్రాసెసర్ అంచున ఉన్న గాటు, బోర్డు మీదున్న బొడిపెకు ఎదురుగా రాకుండా రవ్వంత పక్కకు జరిగింది.

రవ్వంత తేడాకు మళ్లీ దుకాణం దాకా ఎవడు పోతాడు? పలకల షెడ్డు నుంచి ఆకురాయి తెచ్చి రుద్దాను. ప్రాసెసర్ కొంత రాలింది, నా వేలు కూడా కొంత రాలింది. లోపల కూర్చోబెట్టి పైరేకు గట్టిగా నొక్కితే కరకరమంది. పలకకైతే అది బిగిసిందని గుర్తు. స్విచ్చి వేశాను. కాలిన వాసన వచ్చింది.

సరిగ్గా అప్పుడే అక్కాతమ్ముళ్లు తలుపు తట్టారు. వాడి చేతిలో ఇంకో బోర్డు ఉంది. దాచుదామంటే గదంతా వాసన. శుక్రవారం, పెళ్లికూతురు, మా ఆవిడ కష్టం అన్నీ ఒక్కసారే గుర్తొచ్చి సిగ్గేసింది.

"కుమారీ, ప్రాసెసర్‌ను ఆకురాయితో రుద్దినా. పోయింది," అన్నాను.

బామ్మర్ది గోడవైపు తిరిగాడు. వాడి భుజాలు మాత్రం ఊగుతున్నాయి. కృష్ణకుమారి తన చేతిసంచిలోంచి అట్టలో చుట్టిన ప్రాసెసర్ తీసి వాడికిచ్చింది. పొద్దున దాన్ని అబ్బాస్ అలీకి చూపించే, దానికి సరిపోయే బోర్డు తెచ్చారట.

"మరి నేను రుద్దిందేంది?"

"పెళ్లికి ముందు నాకున్న కంప్యూటర్‌ది, ఎప్పుడో చచ్చిపోయింది. నిన్న నువ్వు సంచి దాచుకుంటా వచ్చినప్పుడే దాన్ని డబ్బాలో పెట్టినా. డబ్బా ఖాళీగా ఉంటే నువ్వు ఇంకేదన్నా పీకుతావు," అంది. తర్వాత నా వేలు చూసి పసుపు అద్దింది. తిట్టి ఉంటే బాగుండేది.

పత్రిక శుక్రవారానికి ప్రెస్సుకు చేరింది. పెళ్లిలో అక్తర్ బేగం గారు మా ఆవిడ చేతులు పట్టుకుని మెచ్చుకోబోతే, ఆమె ఆపింది.

"నాదేముందక్కా, అంతా మా ఆయనే. అన్నం కూడా తినకుండా కూర్చుని బాగు చేసినాడు."

బిర్యానీ తింటున్న నేను తల విస్తట్లోకి వంచేశాను. అక్తర్ బేగం గారు నా విస్తట్లో ఇంకో ముక్క వేయించారు. ఆ ముక్క మింగడమే కష్టమైంది.

మర్నాడు వాళ్ల పాత కంప్యూటరు ఆటోలో వచ్చి మా గుమ్మం ముందు దిగింది. మాల్యాద్రన్న చేతిలో, అంటే నా చేతిలో, పడితే చాలని కబురు కూడా వచ్చింది. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు, దాన్ని ముట్టుకోవడానికి చెయ్యీ రాలేదు. కృష్ణకుమారి ఆకురాయి ఒక చేత్తో, ఫోను ఒక చేత్తో పట్టుకొచ్చి నా ముందు నిలబడింది.

"ఏది కావాల?" అంది.

ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్లి, పెళ్లయినప్పటినుంచి ఎన్నడూ లేనిది, "బామ్మర్దీ, అన్నం తిన్నావా నాయనా?" అని మొదలుపెట్టాను.