ఒక్క స్క్రూ కూడా మార్చలేదు

ఆ ఆదివారం ఉదయం ప్రూఫ్ రీడర్ వేసుకున్న పథకంలో ఒక్క తప్పు కూడా లేదు. ఎనిమిదింటికి సైకిల్ని గుడ్డలో చుట్టాలి. ఎనిమిదిన్నరకు వ్యాను వస్తుంది. తొమ్మిదింటికల్లా పాత సైకిళ్ళ ప్రదర్శనలో నిలబెట్టాలి. పదింటికి న్యాయనిర్ణేత వచ్చి, చూసి, నోరెళ్ళబెట్టి, అన్నీ అసలు భాగాలేనని సర్టిఫికెట్ రాసిచ్చేయాలి. ఆ తర్వాత ఇంటికొచ్చి భోంచేసి హాయిగా పడుకోవాలి.

పేరుకు సైకిలే గానీ అది అల్లాటప్పా సైకిలు కాదు. కొండలెక్కడానికి పుట్టిన మౌంటెన్ బైకు. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. రెండేళ్ళ కిందట, రిటైరైన ఒక ఫారెస్టు గార్డు దగ్గర దొరికింది. "దీనికి నేను ఒక్క స్క్రూ కూడా మార్చలేదు బాబూ" అని గార్డు ఒట్టేసి మరీ చెప్పాడు. ప్రూఫ్ రీడర్ నమ్మలేదు. పగలంతా ప్రెస్సులో అచ్చు కాగితాలు దిద్దే మనిషి, నోటిమాటను ఎలా నమ్ముతాడు చెప్పండి? కిందా మీదా పడి ఆ కంపెనీ పాత క్యాటలాగు సంపాదించాడు. అట్ట మీద అచ్చం అదే నీలం ఫ్రేము. లోపల చూస్తే హ్యాండిల్ వేరు, బ్రేకులు వేరు, పెడల్స్ వేరు, సీటు వేరు.

"చూశావా, ఎంత అబద్ధమాడాడో! అన్నీ మార్చిపారేశాడు" అన్నాడు భార్యతో.

ఇక చూడండి, రెండేళ్ళు అతనికి ఆ క్యాటలాగే లోకం. సైకిలు పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే చేసి తీరాలని పంతం పట్టాడు. కాళ్ళరిగేలా తిరిగాడు. ఊరూపేరూ తెలియని వాళ్ళకు ఉత్తరాలు రాశాడు. సీటు కింద ఉండే ఒక్క బోల్టు కోసం ఎనిమిది నెలలు పట్టింది. క్యాటలాగులోది దొరికినప్పుడల్లా సైకిలుకున్నది విప్పి, "మామయ్యగారూ, ఇది చెత్త, పారేయండి" అని మామగారి చేతిలో పెట్టేవాడు.

మామగారు నలభై ఏళ్ళు మిల్లులో ఫిట్టరుగా చేసి, రిటైరై కూతురి దగ్గరే ఉంటున్నారు. ఆయన ఇనుము పారేసిన పాపాన పోలేదు. "అలాగే అల్లుడుగారూ" అని తీసుకెళ్ళి మంచం కింద దాచేవారు. దాచినవన్నీ ఒకరోజు పాత సామాన్లవాడి దగ్గర తెచ్చిన తుప్పు ఫ్రేముకు బిగించారు. మోకాళ్ళ నొప్పులని గుమ్మం దాటని మనిషి, అప్పట్నుంచీ దాని మీద రోజూ లైబ్రరీకి వెళ్ళొస్తున్నారు. ఆ సంగతి వీధి వీధంతా గమనించింది, ప్రూఫ్ రీడర్ తప్ప. అతను క్యాటలాగులోంచి తలెత్తితే కదా!

ఇంట్లో అసలు పేచీ వెనక గది గురించి. భార్య టైలరు. భోజనాల బల్లకీ తలుపుకీ మధ్య మిషను ఇరికించుకుని కుడుతోంది. వెనక గదిలో సైకిలు దర్జాగా నిలబడి ఉంది.

"ఆ గది నాకు కావాలండీ. కుట్టిన బట్టల్లో కూర పడుతోంది" అంది ఆవిడ ఒకరోజు.

"సర్టిఫికెట్ రానీ. రాకపోతే గది నీదే."

"వస్తే?"

"సర్టిఫికెట్ ఎవరి పేరు మీదుంటే గది వాళ్ళది. రాసుకో!" అన్నాడతను. ఆవిడ నిజంగానే క్యాలెండరు వెనక రాసుకుంది.

ఇంతకీ ఆదివారం సంగతి. వ్యాను హారను మోగేసరికి చుట్టడానికి గుడ్డ దొరకలేదు. చంకలో క్యాటలాగు ఫైలుతో ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మిషను మీద మందపాటి పూల గుడ్డ మడతపెట్టి కనపడింది. ఫైలు అక్కడ పెట్టి, గుడ్డ తీసుకుని, సైకిలుకు చుట్టి, వ్యానెక్కాడు.

ప్రదర్శన ఒక స్కూలు ఆవరణలో. న్యాయనిర్ణేత తెల్లజుట్టు ఆవిడ, మెడలో భూతద్దం. ఫ్రేము కింద చెక్కిన నంబరు చూసి, "అసలుదే. కంపెనీ పెట్టిన మొట్టమొదటి ఏడాదిది" అంది. ప్రూఫ్ రీడర్ ఛాతీ అంగుళం పెరిగింది.

"మరి మిగతా భాగాలకు ఆధారం?"

అతను చంక తడుముకున్నాడు. ఫైలు లేదు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"ఏవండీ, డాక్టరుగారి కర్టెన్లు మిషను మీద పెట్టాను. మీకేమైనా కనపడ్డాయా?" అంది భార్య.

అతను కాళ్ళ దగ్గరున్న గుడ్డ వైపు చూశాడు. "పూలవా?"

"ఆఁ, పూలవే."

"అయితే కనపడ్డాయి. నా ఫైలు కనపడిందా?"

"కర్టెన్లు ఉండాల్సిన చోట ఉంది" అందావిడ పళ్ళు నూరుతూ. "పదకొండింటికి డాక్టరుగారు వస్తారు. ఫైలిచ్చి నాన్నను పంపుతున్నా. కర్టెన్లు నలగకుండా ఆయనకివ్వండి."

పావుగంటలో మామగారు గంట కొట్టుకుంటూ తుప్పు సైకిలు మీద వచ్చేశారు. అల్లుడు ఫైలందుకుని న్యాయనిర్ణేతకు ఇవ్వబోయాడు. ఆవిడ అక్కడ లేదు. మామగారి సైకిలు ముందు నేల మీద చతికిలబడి, భూతద్దంతో బ్రేకులు చూస్తోంది.

"ఇవి మీకెక్కడివండీ?" అంది.

మామగారి మొహం పాలిపోయింది. "నేను దొంగతనం చెయ్యలేదమ్మా! అల్లుడుగారే పారేయమన్నారు."

"ఏమనుకోకండి మేడమ్, అది చెత్త. మీరు ఈ ఫైలు..." అని అల్లుడు అడ్డుపడ్డాడు.

"చెత్తని ఎవరన్నారు?" అంటూ ఆవిడ ఫైలు తిప్పి చివరి పేజీ దగ్గర ఆగింది. "ఈ క్లిప్పు కాస్త తీయండి."

తీశాడు. రెండేళ్ళుగా క్లిప్పు కింద నలిగిపోయిన చిన్న వాక్యం బయటపడింది: ఇవి రాబోయే ఏడాది మోడళ్ళు.

"మొదటి ఏడాది సైకిళ్ళకు క్యాటలాగే లేదు" అందావిడ నెమ్మదిగా. "ఆ ఏడాది హ్యాండిలూ, బ్రేకులూ, పెడల్సూ, సీటూ, అన్నీ మీ మామగారి సైకిలుకున్నాయి. మీ దగ్గర ఫ్రేమొక్కటే నిజం. మూడింటికి జాబితా మూసేస్తాను. ఆలోగా రెండూ ఒక్కటి చేస్తే మళ్ళీ చూస్తాను."

ప్రూఫ్ రీడర్‌కు ఏడుపొక్కటే తక్కువ. పుస్తకాలకు పుస్తకాలు దిద్దినవాడు ఒక్క వాక్యం చదవలేదు! గార్డు పెట్టిన ఒట్టు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆశగా మామగారి వైపు చూశాడు. మామగారు సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"ఇవి విప్పేస్తే నేను లైబ్రరీకి ఎలా పోను అల్లుడుగారూ?"

"మీరు లైబ్రరీకి వెళ్తారా?"

"ఏడాదిగా. రోజూ."

ఒకే ఇంట్లో ఉంటూ ఈయన గుమ్మం దాటారో లేదో కూడా చూడలేదే అని అల్లుడి మనసు చివుక్కుమంది. "నావి తీసుకోండి మామయ్యగారూ. అన్నీ మీరే బిగించుకోండి."

"క్యాటలాగువా?"

"క్యాటలాగువే. ఎనిమిది నెలల బోల్టుతో సహా."

మామగారు జేబులోంచి స్పానర్లు తీశారు. ఎప్పుడూ జేబులోనే ఉంటాయట, అదీ అల్లుడికి తెలియదు. కింద గుడ్డ పరిచి, నట్లూ బోల్టులూ వరసగా పేర్చి, రెండు సైకిళ్ళూ విప్పడం మొదలుపెట్టారు. అల్లుడు అందిస్తుంటే ఆయన బిగిస్తున్నారు. పని మంచి ఊపులో ఉండగా ఫోను మోగింది.

"నాన్న బయల్దేరారా?"

"ఇంకా లేదు. బిగిస్తున్నారు."

"కర్టెన్లు బిగించడమేమిటండీ?"

అల్లుడు కిందకు చూశాడు. మామగారూ చూశారు. పువ్వుపువ్వుకీ ఒక గ్రీజు మరక ఉంది. అల్లుడు చటుక్కున ఫోను మామగారికిచ్చాడు. మామగారు అంతకన్నా తెలివైనవారు, కట్ చేసేశారు.

మూడింటికి ఐదు నిమిషాలుండగా న్యాయనిర్ణేత వచ్చింది. నీలం సైకిలు చుట్టూ రెండుసార్లు తిరిగి, తృప్తిగా తలూపి, కలం తీసింది. "ఈ భాగాలు పారేయకుండా దాచిందెవరు?"

"మామయ్యగారు."

"బిగించిందెవరు?"

అల్లుడు మామగారి వైపు చెయ్యి చూపించాడు. "ఆయనే."

సర్టిఫికెట్ మీద మామగారి పేరు పడింది.

సాయంత్రం ఇంటికి చేరగానే మామగారు సర్టిఫికెట్ కూతురి చేతిలో పెట్టారు. ఆవిడ ముందు కర్టెన్లు విప్పి చూసింది. ఇద్దర్నీ కడిగిపారేసింది. అలిసిపోయాక సర్టిఫికెట్ చదివింది, క్యాలెండరు తిప్పి చూసింది, తండ్రి వైపు చూసింది.

"గది నీదే నాన్నా."

"నాకెందుకమ్మా గది? మిషను పెట్టుకో" అన్నారాయన. మర్నాడే మిషను మారింది. డాక్టరుగారికి కొత్త కర్టెన్లు వెళ్ళాయి, గ్రీజు పూలవి వెనక గది కిటికీకి వేలాడాయి. సైకిలు మిషనుకు పైన గోడకెక్కింది. మామగారు క్యాటలాగు బ్రేకులతో లైబ్రరీకి వెళ్తున్నారు, అవి ఇంకా బాగా పడుతున్నాయట.

బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు గోడ వైపు చూసి, "ఇంత పాత సైకిలా! మీరేం చేశారండీ దీనికి?" అని అడుగుతుంటారు.

"రెండేళ్ళు రాత్రీపగలూ కష్టపడ్డానండీ" అంటాడు ప్రూఫ్ రీడర్. "ఒక్క స్క్రూ కూడా మార్చలేదు."