టైంకీపరుగారి విజిలు

బస్సు డిపోలో టైంకీపరుగారు విజిలు ఊదితేగాని చక్రం కదలదు. ఇరవై ఏళ్లుగా లోకమంతా తన విజిలు మీదే నడుస్తోందని ఆయన గట్టి నమ్మకం. అందుకే బావమరిది ఇచ్చిన కుక్కపిల్ల హాల్లో తివాచీని రెండోసారి తడపగానే, దానికీ ఒక టైంటేబులు వేశారు. వేళకి పెరటి తలుపు తీయడం, విజిలు ఊదడం, పని కాగానే బిస్కెట్టు పెట్టడం. మిగతా వేళల్లో తలుపుకి గడియ.

వాళ్ళావిడ మాత్రం తెగేసి చెప్పింది. ఆదివారం లోపల ఇంకొక్క తప్పు తన కంటబడితే కుక్కపిల్ల తిరిగి తమ్ముడింటికే. ఆ మాటతో టైంకీపరుగారు టైంటేబులు మరింత బిగించారు. ఇంట్లో ఆయన మాట వినే ప్రాణి అదొక్కటే మరి.

శనివారానికల్లా విజిలు వినబడితే చాలు, పిల్ల క్షణంలో కానిచ్చేసి బిస్కెట్టు కోసం బుద్ధిగా కూర్చునేది. ఇంట గెలిచాం, ఇక రచ్చ గెలవడమే తరువాయి అనుకున్నారాయన. ఆ ఉదయం అక్కగారింటికి బయల్దేరిన వాళ్ళావిడతో పాటు దాన్నీ డిపోకి తీసుకెళ్లారు. అక్కడ రోజంతా ఊదేది కూడా అదే విజిలని ఆయనకి తట్టలేదు.

మొదటి బస్సుకి విజిలు ఊదారు. ఎవరిదో పరుపుచుట్ట తడిసింది. రెండో బస్సుకి ఊదారు. టికెట్ల పెట్టె తడిసింది. అదృష్టం కొద్దీ వాళ్ళావిడ అప్పటికింకా తన బస్సులో సీటు వెతుక్కుంటోంది. మూడో బస్సు ఆవిడదే. కిటికీ పక్కన కూర్చుని కుక్కపిల్లనే చూస్తోంది. ఆయన విజిలు జేబులో పెట్టేసుకున్నారు.

బస్సు కదల్లేదు. దాని వెనక మరో నాలుగు ఆగాయి. డ్రైవర్లు టీలకి దిగారు, ప్రయాణికులు తిట్లకి దిగారు. మేనేజరు పరుగున వచ్చి ఏమైందని అడిగితే, టైంకీపరుగారు జేబుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

"ఇదీ నేనే ఊదాలా?" అంటూ మేనేజరు ఆయన జేబులోంచి విజిలు లాక్కుని బలంగా ఊదాడు.

కుక్కపిల్ల మేనేజరు బూటు మీద కానిచ్చి, బిస్కెట్టు కోసం అతని మొహంలోకి చూసింది.

వాళ్ళావిడ బస్సు దిగి వస్తోంది. ఇక అయిపోయిందనుకుని టైంకీపరుగారు కళ్లు మూసుకున్నారు. ఆవిడ పిల్లని చంకనెత్తుకుంది.

"దీని తప్పేముందండీ? మీరు ఊదారు, అది పోసింది. ఇంతలా మాట వినేవాళ్లు మీ డిపోలో ఇంకెవరున్నారు?" అంది మేనేజరుతో. తర్వాత భర్త వైపు తిరిగింది. "మీరు డ్యూటీకి వెళ్లగానే వారం నుంచీ పెరటి తలుపు తీసే ఉంచుతున్నాను. అదే వెళ్తోంది, అదే వస్తోంది. ఇక దీన్ని ఎక్కడికీ పంపేది లేదు గానీ, ఆ విజిలు మాత్రం ఇక్కడే ఉంచేయండి."

మర్నాటి నుంచి డిపోలో విజిలు పోయి పచ్చజెండా వచ్చింది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన ఆయన్ని, వాళ్ళావిడ సంచీ వెతికాకే ఇంట్లోకి రానిస్తోంది.