ఎర్ర రిబ్బను మొక్కలు

ఆదివారం పొద్దున ఇంటిపనికి దొరక్కూడదని సుధాకరరావు గట్టిగా నిర్ణయించుకున్నాడు. అందుకు ప్రకృతిని అడ్డం పెట్టుకుందామనుకోవడమే ఆయన చేసిన పొరపాటు.

వాళ్ళుంటున్న దీవిలో, బుకిట్ పంజాంగ్ అనే పేటలో, వాళ్ళ ఫ్లాటుకి ఒక బాంబు షెల్టరుంది. యుద్ధమొస్తే దాక్కోమని ప్రభుత్వం కట్టించిన ఇనప తలుపు గది. యుద్ధం రాలేదు గనక సామాన్లు వచ్చాయి. పాత సూట్‌కేసులు, తిరగని గ్రైండరు, కూతురు తన్మయి నాలుగు పాఠాలు నేర్చి వదిలేసిన కీబోర్డు. ఇప్పుడు యుద్ధమే వస్తే దాక్కోవాల్సింది ఆ గదిలో కాదు, ఆ గది నుంచి.

ఈ ఆదివారం దాన్ని ఖాళీ చేద్దామంది ఆయన భార్య కల్పన. ఆవిడ "చేద్దాం" అంటే అందులో తన వాటా ఎంతో సుధాకరరావుకి పెళ్ళైన కొత్తల్లోనే తెలిసింది.

సరిగ్గా అప్పుడే లిఫ్టు పక్కన పోస్టరు కనపడింది. బ్లాకుల వెనకున్న అడవిముక్కని ఒక ట్రస్టు వాళ్ళు చూసుకుంటారు. వాళ్ళకి కాలానికో పని. వానల్లో మొక్కలు నాటుతారు, వానలు తగ్గాక కలుపు తీస్తారు, చలి తట్టుకోలేక ఉత్తరపు చలిదేశాల నుంచి వచ్చే పక్షుల్ని లెక్కపెడతారు. పోస్టరు మీద ఒక పెద్దాయన బెంచీకి జారబడి, దుర్భిణీ పట్టుకుని, ప్రపంచంతో పని లేనట్టున్నాడు. సుధాకరరావు మనసు వెళ్ళి ఆయన పక్కనే కూర్చుంది.

"ఆదివారం కుదరదు కల్పనా. ఆఫీసు తరఫున పక్షుల్ని లెక్కపెట్టాలి" అన్నాడు కాఫీ తాగుతూ.

"మీ బ్యాంకుకి పక్షులెందుకండీ?"

"పర్యావరణం."

కల్పన "ఓహో" అంది. అంతకంటే ఏమీ అనకపోయేసరికి గెలిచాననుకున్నాడు.

ఆదివారం వెళ్ళేసరికి బ్లాకు కింద రెండు వరసలున్నాయి. రెండింట్లోనూ టోపీలే, రెండింట్లోనూ ఆకుపచ్చ టీషర్టులే. ఆయన చిన్న వరసలో నిలబడ్డాడు. దుర్భిణీ ఇస్తారనుకుంటే చేతికి రబ్బరు తొడుగులు, ఒక చిన్న గునపం ఇచ్చారు. పక్షులకి ముందు పురుగులు తవ్వి పెట్టాలి కాబోలనుకున్నాడు.

ఆ జట్టుకి నాయకురాలు ఆంటీ లిమ్. డెబ్బై దాటిన చైనా ఆవిడ, బురదలో మాల్‌లో నడిచినట్టు నడుస్తుంది. బర్డ్స్ ఎక్కడని ఈయన అడిగితే, ఆవిడ జాలిగా చూసి, "బర్డ్ గ్రూప్ ఆల్రెడీ గాన్ లా, అంకుల్. యూ వీడింగ్" అంది అక్కడి ఇంగ్లీషు యాసలో. పక్షుల జట్టు వెళ్ళిపోయిందట, ఈయన నిలబడింది కలుపు తీసే వరసట. తిరిగి ఇంటికెళితే షెల్టరు. అందుకని ఆవిడ వెనకే నడిచాడు.

ఆంటీ లిమ్ ఏ ఆకు పీకాలో, ఏది ముట్టుకోకూడదో ఓపిగ్గా చెప్పడం మొదలెట్టింది. హృదయం ఆకారంలో ఆకులున్న తీగ చెట్లకెక్కి ఎండ తగలనివ్వదనీ, దాన్ని వేళ్ళతో సహా తియ్యాలనీ అంది. ఆ తర్వాత ఎర్ర రిబ్బన్ల గురించి ఏదో చెబుతుండగా సుధాకరరావు తలెత్తి గట్టు వైపు చూశాడు.

గట్టు మీద బెంచీ. బెంచీ మీద కల్పన. పక్కన తన్మయి, మధ్యలో ఫ్లాస్కు. కల్పన దుర్భిణీ పెట్టుకుని కొమ్మల్లోకి చూస్తోంది.

ఆయన చెవులు అక్కడితో పనిచెయ్యడం మానేశాయి. ఆవిడ ఇక్కడుంటే షెల్టరు ఎవరు సర్దుతున్నట్టు? తను దేన్నుంచి పారిపోయి వచ్చినట్టు? ముందు టోపీ ముక్కుదాకా లాక్కుని పొదల్లోకి తప్పుకున్నాడు.

అక్కడ తీగలున్నాయి. చూస్తే అచ్చం తిప్పతీగ. వాళ్ళమ్మ ఏ జ్వరమొచ్చినా నూరి పోసేది అదే. అలాంటి మందుమొక్కని ఏ ట్రస్టైనా పీకమంటుందా? తనే తిరగేసి విని ఉంటాడు. దాని పక్కన పుల్లల్లాంటి బక్క మొక్కలు వరసగా ఉన్నాయి, ఒక్కోదానికి ఎర్ర రిబ్బను కట్టి. ఆయన బ్యాంకు సాఫ్ట్‌వేరులో ఎర్రగుర్తు పడిందంటే తీసెయ్యమనే అర్థం. అనుమానం పూర్తిగా తీరిపోయి, జీవితంలో ఎప్పుడూ లేనంత శ్రద్ధగా ఆ వరసంతా పీకి, కుప్ప పెట్టాడు.

ఆంటీ లిమ్ వచ్చి కుప్ప చూసి కేక వెయ్యలేదు. మెల్లిగా కూర్చుని ఒక మొక్కని అరచేతిలోకి తీసుకుంది.

"అంకుల్, దిస్ వన్ ఐ ప్లాంట్" అంది.

మిగతాది పక్కవాళ్ళు చెప్పారు. ఈ దీవిలో అరుదైపోయిన చెట్టట అది. ఆవిడే గింజలేరి, తన ఫ్లాటు ముందు నడవాలో కుండీల్లో పెంచి, మొన్నటి వానల్లో తెచ్చి నాటిందట. సుధాకరరావుకి ఆ గోతుల్లోనే తనని పాతేస్తే బాగుండుననిపించింది. సారీ అన్నాడు. ఆ మాట ఆయనకే సరిపోలేదు.

ఈలోగా గట్టు దిగి కల్పన వచ్చింది. బెంచీ మీద మీరు కనపడకపోతే ఏమైపోయారో అనుకున్నామంది. పక్షుల లెక్కకి ఎవరైనా రావచ్చని పోస్టరులోనే ఉందట. షెల్టరు ఎక్కడికీ పోదు గనక కూతుర్ని తీసుకుని వచ్చేసిందట. అంటూనే కుప్ప వైపు చూసింది, ఆయన చేతుల వైపు చూసింది. కిందకి వంగి మొక్కల వేళ్ళు తడిమింది.

"ఇంకా తడిగానే ఉన్నాయి. పట్టండి, నాటేద్దాం" అంది. ఈసారి మాత్రం నిజంగానే ఇద్దరూ చేశారు. ఆంటీ లిమ్ గోతుల్లో మట్టి సర్దింది. తన్మయి రిబ్బన్లు మళ్ళీ కడుతూ, "నాన్నా, రెడ్ మీన్స్ డోంట్ టచ్ లా" అంది.

లేచి చేతులు దులుపుకుంటూ, ఇవి నాటుకునేదాకా ప్రతి ఆదివారం మా ఆయన వచ్చి చూసుకుంటారని కల్పన ఆంటీ లిమ్‌కి ఇంగ్లీషులో మాటిచ్చేసింది. సుధాకరరావు నోరు తెరిచాడు.

"ఆఫీసు వాళ్ళేమీ అనరులెండి" అంది కల్పన. ఆయన నోరు మూసుకున్నాడు.

తర్వాతి వారాల్లో మొక్కలు ఒక్కో ఆకూ రాల్చాయి. ఆకు రాలినప్పుడల్లా సుధాకరరావుకి అన్నం సయించలేదు. ఆదివారాలు చాలవనిపించి, మీటింగుందని ఇంట్లో అబద్ధమాడి, సాయంత్రాలు ఆఫీసు బూట్లతోనే సీసాతో నీళ్ళు మోసుకెళ్ళడం మొదలెట్టాడు. తను చేస్తున్నది శిక్షో సరదానో ఆయనకే తెలియలేదు.

ఒక సాయంత్రం బురదలో మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే, చివరి మొక్కకి ఎర్రటి మొన ఒకటి పొడుచుకొచ్చి ఉంది. పక్కనెవరూ లేరని, "చిగురేశావే" అని దాంతోనే అన్నాడు.

"పొద్దున్నే వేసింది" అంది వెనకనుంచి కల్పన.

ఆయన తుళ్ళిపడి లేచాడు. ఆవిడ తాపీగా చెప్పింది: "నేను రోజూ పొద్దున నీళ్ళు పోస్తున్నాను. సాయంత్రాలు మీరు కూడా పోస్తున్నారని నాకేం తెలుసు? నీళ్ళెక్కువై వేళ్ళు కుళ్ళిపోతాయంటోంది ఆంటీ లిమ్. ఎవరో ఒకరే పొయ్యాలట."

"అయితే నేనే పోస్తాను" అన్నాడు గబుక్కున. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనే తెల్లబోయాడు.

కల్పన ఆయన చేతిలోంచి సీసా అందుకుని, సగం నీళ్ళు తాగేసి, మిగతాది తిరిగి చేతిలో పెట్టింది.

"ఇవి చాలు. పొయ్యండి."