పెద్ద టైర్లు, చిన్న ప్రశ్న

బండికి ఉండాల్సిన దానికన్నా పెద్ద టైర్లు వేయించడం మానవజాతికి దొరికిన గొప్ప వరం. నవ్వకండి! ఈ మాట ఊరికే అనడం లేదు. మా పిన్ని టోయింగ్ ట్రక్కులో ముందు సీట్లో కూర్చుని, సీటు బెల్టును రెండు చేతులా పట్టుకుని, కొండ రోడ్డు మీద స్వయంగా చేసిన పరిశోధన ఇది.

చెడిపోయిన బండ్లను లాక్కొచ్చే పని మా పిన్నిది. కొండ రోడ్డులో ఏ వ్యాను మొరాయించినా, ఏ కారు కాలువలోకి ఒరిగినా పిలుపు ఆవిడకే వస్తుంది. ట్రక్కు నడిపేది ఆవిడే, కొక్కెం తగిలించేది ఆవిడే, తల పట్టుకుని కూర్చున్న కారు యజమానిని ఓదార్చేదీ ఆవిడే. మరి బాబాయి? నడుము పట్టేసిన దగ్గర్నుంచీ ఆయన ఇంట్లోనే ఉండి ఫోన్లు ఎత్తుతాడు. బండి అందచందాల శాఖ కూడా ఆయనదే.

పిన్ని మా అమ్మను చూడ్డానికి మా ఇంటికొచ్చి నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజుల్లోనే ఘనకార్యం జరిగిపోయింది. బాబాయి ఫోనులో ట్రక్కు ప్రియుల గ్రూపొకటి ఉంది. వాళ్ళలో సగం మందికి ట్రక్కు లేదు, మిగతా సగం మందికి పని లేదు. వాళ్ళంతా కలిసి ఎక్కించిన ఉత్సాహంతో ఆయన ముప్పై ఒక్క అంగుళాల టైర్లు షాపువాడికిచ్చేసి, ముప్పై ఐదు అంగుళాలవి బిగించుకొచ్చాడు.

పిన్ని నన్నూ వెంటబెట్టుకుని తిరిగొచ్చి, ట్రక్కు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఏవండీ, ఇది ఎక్కడానికి నాకో నిచ్చెన కూడా కొన్నారా?"

"లుక్కు చూడవే, లుక్కు! గ్రూపులో అందరూ నోరెళ్ళబెట్టారు."

"ఆ గ్రూపులో బండ్లు చెడిపోతే లాగేది నేనేగా. చూస్తాన్లెండి."

ఇక ఆ టైర్ల మహిమ వినండి. మొదటిది, వినయం. ఇదివరకు మూడో గేరులో దర్జాగా కొండెక్కిన ఇంజను ఇప్పుడు మొదటి గేరులో, వంచిన తల ఎత్తకుండా, మూలుగుతూ ఎక్కుతోంది. ఈ రోజుల్లో ఇంత అణకువ మనుషుల్లోనైనా ఉందా?

రెండోది, అమాయకత్వం. పెద్ద టైరు ఒక్క చుట్టు తిరిగితే చిన్న టైరు కన్నా ఎక్కువ దూరం పోతుంది. ఆ సంగతి పాపం మీటరుకు తెలియదు. అసలు వేగం కన్నా తక్కువే చూపిస్తుంది. అంటే, పోలీసు ఆపినప్పుడు మనం నిజంగానే ఏమీ ఎరగనట్టు మొహం పెట్టొచ్చు. నటించనక్కర్లేదు!

మూడోది, సమాజంతో సంబంధాలు. ఎత్తు మీద మా పక్కనే సైకిలు తోసుకుంటూ నడుస్తున్న ఒక పెద్దాయన తన మోకాళ్ళ నొప్పి సంగతి మొదటి నుంచి చివరిదాకా నాతో చెప్పి, "ఉంటాను బాబూ, కాస్త తొందర్లో ఉన్నా" అని మమ్మల్ని దాటి వెళ్ళిపోయాడు.

ఇన్ని లాభాలున్నా పిన్నికి సంతృప్తి లేదు. ముఖ్యంగా బ్యాండు మేళం వాళ్ళ బస్సు మలుపులో ఆగిపోయిన రోజు నుంచీ.

సాయంత్రం కచేరీ. మధ్యాహ్నానికే బస్సు ఆగిపోయింది. ఎదురుగా వచ్చే వాహనాలు బారులు తీరాయి. పిన్ని బస్సును కొక్కేనికి తగిలించి, మొదటి గేరు వేసి, కాలు అదిమింది. ట్రక్కు గట్టిగా అరిచింది, వణికింది, అంతే. క్లచ్ మాడిన వాసన గుప్పుమంది. తర్వాత మేం మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టాం. మా వెనక బస్సు. బస్సు వెనక లోయ.

"రాయి! దిగి రాయి పెట్టరా!" అని అరిచింది పిన్ని, హ్యాండు బ్రేకు లాగుతూ.

నేను దూకి, దొరికిన బండరాయిని చక్రం కింద తోశాను. డోలు వాయించేవాడు బస్సు కింద ఇంకో రాయి పెట్టాడు. రెండూ ఆగాయి. పిన్ని దిగి బంపరు మీద కూర్చుంది. మంచినీళ్ళిస్తే సగం చీర మీదే పోసుకుంది.

అప్పుడొచ్చాడు చీమ. పిన్నికి పోటీగా టోయింగ్ చేసే మనిషిని అందరూ అలాగే పిలుస్తారు. పొట్టి బండి, పొట్టి టైర్లు. బస్సును పైకి చేర్చి, మళ్ళీ మా దగ్గరకొచ్చాడు.

"అక్కా, నిన్ను కూడా తగిలించమంటావా?" అన్నాడు చాలా మర్యాదగా. వెక్కిరించినా బాగుండేది. టోయింగ్ ట్రక్కును టోయింగ్ చేసుకెళ్తుంటే జనం ఫొటోలు తీసుకున్నారు. ఆ మర్నాటి నుంచి కొండ ఫోన్లన్నీ చీమకే వెళ్ళాయి.

బాబాయి గ్రూపులో మొరపెట్టుకున్నాడు. "యాక్సిల్ రేషియో మార్చు!" అన్నారంతా. యాక్సిల్ అంటే చక్రాల ఇరుసు. దాని నడుమ ఒక పెద్ద పళ్ళ చక్రం, దాన్ని తిప్పే చిన్న పళ్ళ చక్రం ఉంటాయి. చిన్నది ఎన్నిసార్లు తిరిగితే పెద్దది ఒకసారి తిరుగుతుందో, అదే రేషియో. అంకె పెరిగితే లాగే బలం పెరుగుతుంది, పరుగు తగ్గుతుంది. మా బండిది మూడు పాయింట్ ఏడు మూడు. దాన్ని ఎంతకు పెంచాలన్న దాని మీద గ్రూపులో జరిగిన చర్చ ఏ చట్టసభలోనూ జరిగి ఉండదు. బాబాయి చివరికి నాలుగు పాయింట్ ఒకటికి ఓటేశాడు. దాంతో హైవే మీద గాలిలో తేలిపోవచ్చట!

ముగ్గురం మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. ఆయన చేతులు తుడుచుకుంటూ బాబాయినే అడిగాడు.

"సార్, ఎంత బరువు లాగుతారు?"

"అంటే... బరువే."

"ఎక్కువ చదును రోడ్డా, ఎత్తా?"

"రెండూ ఉంటాయి కదా మరి."

"బరువుతో కొండెక్కేటప్పుడు ఏ గేరులో ఉంటే సుఖం?"

బాబాయి ఫోను తీశాడు. గ్రూపులో పెట్టిన ఫొటోలో ఒకాయన ట్రక్కు పక్కన నిలబడి బొటనవేలు పైకెత్తి చూపిస్తున్నాడు. ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. టైరు వంక చూసి, పిన్ని వైపు తిరిగాడు.

"నీకు కొండ మీద ఏ గేరు కావాలే?"

పిన్ని ఆయన వంక వింతగా చూసింది. తర్వాత మెకానిక్‌కు చెప్పింది. "నిండు బస్సుతో రెండో గేరులో మలుపు దాటాలి. మధ్యలో ఆపి మళ్ళీ ఎత్తినా కదలాలి. బురదలో ఈ టైర్ల పట్టు బాగుంది, ఉండనీండి."

"అయితే నాలుగు పాయింట్ ఐదు ఆరు. ముందు యాక్సిల్‌కీ వెనక యాక్సిల్‌కీ రెండిటికీ మార్చాలి, నాలుగు చక్రాలూ లాగే బండి కదా, లేకపోతే బండి తనతో తనే పోట్లాడుకుంటుంది. చదును రోడ్డు మీద మాత్రం ఇంజను అరుస్తుందమ్మా."

"అరవనీండి. కొండ మీద నేను అరవకుండా ఉంటే చాలు."

బండి ఇప్పుడు బస్సుల్ని లాగుతోంది. చీమ బండి చెడిపోతే పిన్ని అతన్నీ లాక్కొచ్చింది, కాఫీ కూడా ఇప్పించింది.

కాబట్టి పాఠకులారా, పెద్ద టైర్లు వేయించండి! ఎందుకంటే, పిన్ని ఆ ట్రక్కు నడపడం మొదలుపెట్టిన ఇన్నేళ్ళలో, ఆ పని ఎలా చేస్తావని బాబాయి ఆవిడను అడిగిన మొట్టమొదటి ప్రశ్న ఆ గేరు ప్రశ్నే. ఆ ఒక్క ప్రశ్న నోటి వెంట రావడానికి నాలుగు టైర్లు, ఒక క్లచ్ ప్లేటు, రెండు యాక్సిళ్ళ పళ్ళ చక్రాలు, ఒక లోయ అంచు కావలసి వచ్చాయి. ఇంతకన్నా చవగ్గా అడిగే ఉపాయం మీ ఇంట్లో ఉంటే కాస్త నాకూ చెప్పండి. మా పక్కింటాయన భార్య క్రేను నడుపుతుంది. ఆయన నిన్న దానికి రంగు లైట్లు కొనుక్కొచ్చాడు.