సంతకెళ్లిన చెల్లి

కోరాపుట్ మున్సిపాలిటీలో కొళాయిలు చూసే సన్యాసయ్య ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పెరట్లో పూలమొక్కల్ని ఒక్కొక్కటే మేసేస్తున్న మేకను మర్నాడు నందపూర్ సంతలో అమ్మేసి, వచ్చి హాయిగా నిద్రపోవాలి. టీ కొట్టు దగ్గర నిలబడి బేరగాడు బిజయ్‌కి ఫోన్ చేశాడు. బిజయ్ ఒడియావాడు. ఒడియాలో మేకను ఛేళి అంటారు. సన్యాసయ్య నోట్లో పడ్డ ఛకారానికి దిక్కెవరు? అది సెళ్లి అయి కూర్చుంటుంది.

"బిజయ్ భాయ్, రేపు సంతకి సెళ్లిని తెస్తన్నాను. తిండెక్కువ, దాని గోల పడలేకపోతన్నాం. కట్టేసి ఉంచేను. సూసి తోలుకుపో!"

పక్క బల్ల మీద టీ తాగుతున్న సిద్దు చెవులు నిక్కబొడుచుకున్నాయి. అతను 'గుట్టురట్టు' పత్రిక విలేకరి. విజయనగరం నుంచి కొత్తగా వచ్చాడు, ఒడియా ముక్క రాదు. సన్యాసయ్య వెనకాలే ఇంటిదాకా నడిచి, కంచె సందులో ఫోన్ దూర్చాడు. పెరట్లో సన్యాసయ్య చెల్లెలు గురువమ్మ తలకు ఆముదం, ముఖానికి పసుపు పట్టించి, నోట్లో బ్రష్షుతో నిలబడి ఉంది. పక్కనే మేక. అడ్డంగా ఉందని సిద్దు ఫొటోలోంచి మేకను కత్తిరించేశాడు.

తెల్లారేసరికి పత్రిక నిండా అదే. "చెల్లిని సంతలో అమ్మబోతున్న అన్న! తిండెక్కువని కట్టేసిన వైనం!" కింద గురువమ్మ, బ్రష్షుతో సహా.

మేకతో బయల్దేరిన సన్యాసయ్యను వీధి మొదట్లోనే జనం పట్టుకున్నారు. రాయగడ నుంచి మేనత్త కమలాంబ ఫోన్ చేసింది. "ఒరే, అమ్మితే అమ్మేవు, మాకో మాట సెప్పొద్దేటి?"

గురువమ్మ టిఫిన్ కొట్టుకు వచ్చినవాళ్లు ఇడ్లీ అడగడం మానేసి జాలిగా నిట్టూర్చి పోతున్నారు. తలలో పువ్వు లేనిదే గడప దాటని మనిషి ఆవిడ. నిజంగానే ఏడ్చేసింది.

"నువ్వు అమ్మేస్తన్నావని రాస్తే రాసేడు అన్నియ్యా. నా ఆముదం తల ఊరందరికీ సూపించడానికి ఆడెవడు?"

ఆ కన్నీళ్లు సన్యాసయ్య చూడలేకపోయాడు. మేకను గుంజకు కట్టేసి, చెల్లెల్ని వెంటబెట్టుకుని పత్రికాఫీసుకు వెళ్లాడు. ఆఫీసంటే సంపాదకుడు కృష్ణచైతన్య ఇంటి ముందుగదే. ఆయన బనీనుతో, తలనిండా నల్లరంగు పూసుకుని, చెవులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని కూర్చున్నాడు.

"సెళ్లంటే మేక బాబూ!" అన్నాడు సన్యాసయ్య.

"ఏదైతేనేం, ప్రజలకు తెలుసుకునే హక్కు ఉందయ్యా. మేం ఎవరి గుట్టూ దాచం" అన్నాడు సంపాదకుడు.

గురువమ్మ ఫోన్ తీసి ఆ తలకు ఫొటో కొట్టింది.

"అయ్యయ్యో! నా ఇంట్లో నా తల నా సొంత విషయం!"

"మరి నా పెరడేటి బాబూ, సంతా?"

సంపాదకుడు దిగొచ్చాడు. మర్నాడే సవరణ వేస్తాననీ, ఆవిడ ఫొటో ఇక కనబడదనీ, తన ఫొటో మాత్రం బయటపెట్టొద్దనీ బతిమాలాడు. గురువమ్మ సరేనంది.

సవరణ పడింది. "నిన్నటి వార్తలో ఉన్నది చెల్లి కాదు, మేక. పాఠకులు గమనించగలరు." కింద మేక ఎవరో తెలియాలని కాబోలు, గురువమ్మ ఫొటో నిన్నటికన్నా పెద్దగా వేశారు.

మళ్లీ ఏడుస్తుందని సన్యాసయ్య భయపడ్డాడు. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది, పువ్వులు పెట్టుకుని ఫొటో స్టూడియోకు వెళ్లింది. బిజయ్ మాత్రం పేపర్లో పడ్డ ఛేళి తనకొద్దని తెగేసి చెప్పాడు. మేక మిగిలిన పూలమొక్కల పని పట్టింది.

సాయంత్రానికి కిటకిటలాడుతున్న టిఫిన్ కొట్టు గోడ మీద, చెవులకు కవర్లతో సంపాదకుడు నిలువెత్తున వేలాడుతున్నాడు. కింద ఒకటే మాట రాసి ఉంది: సవరణ.