అయ్యగారు పేరుపేరునా చేసిన ప్రార్థన

ఆ ఆదివారం ప్రేమ్‌సాగర్ అయ్యగారు అయిదింటికే లేచి కాగితం మీద పద్నాలుగు పనులు రాసుకున్నారు. గేటు దగ్గర స్వాగతం భిక్షపతి, పాట ఎత్తుకునేది సునీల్, వాక్యం చదివేది దీప్తి. పేర్లు వాళ్లవే గాని పనులన్నీ ఆయనవే. భిక్షపతి నిలబడతాడు, దండ వేసేది అయ్యగారు. సునీల్ నోరు తెరుస్తాడు, పాట అయ్యగారిది. దీప్తి పుస్తకం పట్టుకుంటుంది, ఏ వచనమో వేలు పెట్టి చూపించేది అయ్యగారు.

ఇంత ఏర్పాటుకు కారణం ఉంది. కట్టంగూర్ నుంచి ఆరు కిలోమీటర్లు లోపలికి పోతే ఎర్రబండగూడెం. అక్కడి సంఘంలో నలభై రెండు కుటుంబాలు. పన్నెండేళ్లుగా చర్చి ఊడ్చేది, గంట కొట్టేది, జంపఖానాలు పరిచేది, మైకు సరిచేసేది, ప్రసంగం చేసేది ఆయన ఒక్కరే. ఎవరైనా చెయ్యి వేయబోతే "నేను చూసుకుంట" అంటారు. ఈ సంగతి పైవాళ్ల దాకా పోయింది. అక్కడ పాస్టర్ ఉన్నాడు గాని సంఘం లేదని ఎవరో చెవిన వేశారు. అది తేల్చడానికి జిల్లా సూపరింటెండెంట్ విజేందర్ గారు స్వయంగా వస్తున్నారు. నిజమేనని తేలితే ఈ సంఘాన్ని కేతేపల్లి సంఘంలో కలిపేస్తారు, అయ్యగారిని కల్వకుర్తికి పంపిస్తారు. మోకాళ్ల నొప్పులతో ఉన్న సాలమ్మలాంటి వాళ్లు వారం వారం కేతేపల్లి దాకా ఏం పోతారు! అందుకని ఈ ఒక్క పూట సంఘమంతా పనిచేస్తున్నట్టు కనబడాలి. అది కూడా అయ్యగారే చూసుకుంటున్నారు.

మూడు ఇడ్లీలు తిని, ఫోను ఇంట్లో ఛార్జింగుకు పెట్టి, ఎనిమిదింటికి ఆయన చర్చి వెనక గదిలోకి వెళ్లారు. కుర్చీలు, జంపఖానాలు, దండ, సభ్యుల రిజిస్టరు అన్నీ అందులోనే ఉంటాయి. ఆ గదికి ఇనుప తలుపు చేసింది వెల్డింగు మెహమూద్. "అయ్యగారు, బయటి గడియ దానంతటదే పడుతుంది, లోపల గూడ ఒకటి పెట్టాలె" అని అతను అప్పుడే అన్నాడు. "నేను చూసుకుంట" అన్నారు ఈయన. రెండు నెలలైంది. ఆ ఉదయం గాలి వచ్చింది, తలుపు పడింది, గడియ కూడా పడింది.

అంతటితో ఆగితే ఏ పది నిమిషాలకో బయటపడేవారు. కానీ ఆ తలుపు మీద "ప్రార్థన సమయం. తలుపు తట్టరాదు" అనే అట్ట శుక్రవారం నుంచి వేలాడుతూ ఉంది. కట్టింది ఆయనే. అంతకుముందు ఒకసారి భిక్షపతి మోటారు స్టార్టరు తాళం కోసం ప్రార్థన మధ్యలో తలుపు తడితే, వరసగా మూడు ఆదివారాలు దాని మీదే ప్రసంగించారు. ఆ దెబ్బతో ఎర్రబండగూడెంలో ఆ అట్టను దాటే మొనగాడు లేకుండా పోయాడు.

ఎనిమిదిన్నరకు భిక్షపతి వచ్చేసరికి సునీల్ పెట్టిన పాటలు బాక్సులో మోగుతున్నాయి. భిక్షపతి తాపీ మేస్త్రీ, సంఘపెద్ద కూడా. పెద్ద అయిన నాటి నుంచి ఆయన చేసిన పని ముందు వరసలో కూర్చోవడం. గదిలోంచి అయ్యగారి గొంతు వినబడింది. పేరు గట్టిగా పిలుస్తున్నారు, మిగతా మాట పాటలో కలిసిపోతోంది.

"భిక్షపతీ! ఓ భిక్షపతీ!"

భిక్షపతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా పేరు పెట్టి ప్రార్థన చేస్తుండు. తలుపులు గుద్దుకుంట చేస్తుండు. నాకోసం ఇంతగనం ఎవ్వలు ఏడ్వలే" అని సునీల్‌తో చెప్పి, చీపురు అందుకున్నాడు. ఆయన చీపురు పట్టడం ఆయన భార్య కూడా ఎన్నడూ చూడలేదు.

కాసేపటికి సునీల్ పేరు వినబడింది. సునీల్ నీళ్ల క్యాన్ల కోసమని అడగకుండా అయ్యగారి బండి తీసుకుపోయి అప్పుడే తిరిగొచ్చాడు. "బండి సంగతి దేవుడికి చెప్తుండు" అని భయపడి, ఇంకో నాలుగు క్యాన్లు మోసుకొచ్చాడు. ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేసే దీప్తి అరగంట చెవి ఒగ్గి విన్నది.

"నా పేరు రాలే" అంది చిన్నబుచ్చుకుని.

"ముందు ఎక్కువ అవసరమున్నోళ్లది వస్తది బిడ్డా. నాది గూడ రాలే" అని సాలమ్మ ఓదార్చింది. ఈలోగా "దీప్తీ!" అని వినబడింది. ఆ పిల్ల మజ్జిగ చేయడానికి ఇంటికి పరుగెత్తింది.

తొమ్మిదింబావుకు పాస్టరమ్మ గ్లోరీ వచ్చింది.

"అయ్యగారు ఉపవాస ప్రార్థనల ఉన్నరమ్మా" అన్నాడు భిక్షపతి.

"మూడు ఇడ్లీలు తిని వచ్చిండు గదనే."

"ఇడ్లీల తర్వాత మొదలువెట్టినట్టున్నరు."

గ్లోరీ తలుపు దగ్గరికి వెళ్లి చెవి పెట్టింది. కాసేపు అలాగే నిలబడి వెనక్కి వచ్చింది. "అవు. గట్టిగనే చేస్తుండు. ఎవ్వలు పిలవకుండ్రి" అంది.

ఇక కుర్చీలు, జంపఖానాలు లోపల. అయ్యగారిని లేపలేరు గనక ఎవరి ఇంటి నుంచి వాళ్లు చాపలు, మంచాలు, కుర్చీలు నెత్తిన పెట్టుకుని బయలుదేరారు. భిక్షపతి గంట తాడు పట్టుకున్నాడు. ఎన్నిసార్లు కొట్టాలో తెలియక కొడుతూనే ఉన్నాడు. ఏమైందోనని ఊరు సగం వచ్చింది, మెహమూద్ కూడా వచ్చాడు. వస్తూనే అతని చూపు ఇనుప తలుపు మీద పడింది.

"అమ్మా, ఆ తలుపుకు లోపల గడియ..."

"మెహమూద్ భాయ్, జర గీ షామియానా గుంజ పట్టుకో" అంది గ్లోరీ. అతను పట్టుకున్నాడు.

విజేందర్ గారి కారు సరిగ్గా అప్పుడే మలుపు తిరిగింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయన ఎన్నో సంఘాలు చూశారు. అన్నిచోట్లా గేటు దగ్గర దండతో పాస్టరే ఉండేవారు. ఇక్కడ జనం తమ కుర్చీలు తామే మోసుకుంటూ చర్చికి వస్తున్నారు. ఒక అమ్మాయి మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది.

"పాస్టర్‌గారేరీ?"

"మా అందరి పేర్లు పెట్టి పొద్దటిసంది లోపల ప్రార్థన చేస్తున్నరు సార్" అన్నాడు భిక్షపతి.

విజేందర్ గారి గొంతు విన్న క్షణంలో లోపలి కేకలు ఆగాయి. పెద్దాయన ముందు గడియకు చిక్కిన పాస్టర్‌గా బయటపడటం కంటే లోపలే ఉక్కపోతకు పోవడం నయమనిపించింది అయ్యగారికి. అరవడానికి గొంతు కూడా మిగల్లేదు. జేబులోని కాగితం చెమటకు తడిసి ముద్దయింది.

ఆరాధన మొదలైంది. సునీల్ పాట పై శ్రుతిలో ఎత్తుకున్నాడు, రెండో చరణానికి అందుకోలేకపోయాడు. ఆడవాళ్లు అందుకుని దించి పాడారు. లోపల అయ్యగారు తల పట్టుకున్నారు. ప్రసంగానికి ఎవరూ లేకపోతే భిక్షపతి లేచి, పోయిన వారం అయ్యగారు చెప్పింది గుర్తున్నంత వరకు చెప్పాడు. గంటంబావు ప్రసంగం ఆరు నిమిషాల్లో అయిపోయింది. ఏం వదిలేశాడా అని వెతుకుతూ విన్న అయ్యగారికి, వదిలేసినది ఏమీ కనబడలేదు.

విజేందర్ గారు లేచారు. "సభ్యుల రిజిస్టరు చూడాలి."

అది కూడా లోపలే. భిక్షపతి ఇక కేతేపల్లి తప్పదనుకున్నాడు. సాలమ్మ చేతికర్ర ఊని లేచింది.

"బుక్కు లోపలున్నది సార్. నన్నడుగుండ్రి చెప్త. మొత్తం నలభై రెండు ఇండ్లు. ఇయ్యాల మూడు ఇండ్లోళ్లు రాలే. పర్వతాలు అని మా పిలగానికి సెంట్రింగు పనిల మీదికెల్లి పడి కాలిరిగింది, నల్లగొండ దవాఖానల ఉన్నడు. ఇరవై దినాలసంది దినానికొక ఇంటి నుంచి సద్ది పోతాంది. ఇయ్యాల వంతు బిక్షమ్మది, ఇల్లంత గాడికే పోయిండ్రు. గట్ల రెండిండ్లు."

"మూడోది?"

"నర్సింగమ్మది. నాతోని మాట మాట వచ్చి నెల దినాల నుంచి వస్తలేదు. తప్పు నాదే. పొద్దుగూకకముందే పోయి తోల్కొస్త."

విజేందర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ వంతులన్నీ పాస్టర్‌గారు వేశారా?"

"ఆయనకు తెల్వదు సార్. తెలిస్తే నేను చూసుకుంట అని దినాము ఆయనే మోస్తడు. ఆయనకసలే బీపీ. ఒకల బరువు ఒకలు మొయ్యాలని పన్నెండేండ్లసంది చెప్తనే ఉన్నడు. చెయ్యబోతే చెయ్యనియ్యడు. అందుకే చాటుకు చేస్తున్నం."

అందరూ నవ్వారు. లోపల జంపఖానాల దొంతర మీద కూర్చున్న ప్రేమ్‌సాగర్ అయ్యగారు నవ్వలేదు. ఆయనకు ఏడుపొచ్చింది. ఎవరూ వినడం లేదనుకుని ప్రతి పనీ తన నెత్తికెత్తుకున్నారు. వాళ్లు మొదటి నుంచీ విన్నారు. సిగ్గు, సంతోషం రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

"ఇప్పుడు తియ్యొచ్చు" అంటూ గ్లోరీ లేచి గడియ ఎత్తింది. తలుపు తెరుచుకుంది. చొక్కా తడిసి, జుట్టు నిండా దుమ్ముతో అయ్యగారు బయటికి వచ్చారు. గడియ బయట ఉండటం విజేందర్ గారు చూశారు. చూసినట్టు అయ్యగారూ గమనించారు. అబద్ధం ఆడే అవకాశం ఉంది. జనమంతా దానికి సాక్ష్యం చెప్పడానికి సిద్ధంగా కూడా ఉన్నారు.

"నేను ప్రార్థన చెయ్యలే సార్" అన్నారు బొంగురు గొంతుతో. "గడియ పడ్డది. తలుపు తియ్యమని ఒక్కొక్కల్ని పిల్చిన. ఇయ్యాల ఇక్కడ జరిగిన దాంట్ల నా చెయ్యి ఒక్కటి గూడ లేదు."

భిక్షపతి ముఖం వాడిపోయింది. పొద్దున్నే ఊడ్చిన ఊడుపంతా గుర్తొచ్చింది.

విజేందర్ గారు చాలాసేపు నవ్వారు. "నేను పాస్టర్‌ను చూడటానికి రాలేదయ్యా. సంఘం ఉందో లేదో చూసి పొమ్మన్నారు. ఉంది. కేతేపల్లి మాట ఇక ఎత్తను. వచ్చే నెల చుట్టుపక్కల పాస్టర్లకు మూడు రోజుల శిక్షణ పెడుతున్నాం. అది ఇక్కడే జరుగుతుంది."

చప్పట్లతో పైరేకులు అదిరాయి. గంట ఎన్నిసార్లు కొట్టాలో భిక్షపతికి ఈసారి సందేహం రాలేదు, చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టాడు. సాలమ్మ మాత్రం చప్పట్లకు ఆగకుండా నర్సింగమ్మ ఇంటి దారి పట్టింది. అరగంటలో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది.

భోజనాల దగ్గర అయ్యగారు భార్య పక్కకు జరిగారు. "చెవి పెట్టి విన్నవు గదా. గడియ పడ్డదని ఎర్కలేదా నీకు?"

"తొమ్మిదింబావుకే ఎర్కైంది" అంది గ్లోరీ అన్నం వడ్డిస్తూ. "భిక్షపతి ఊడుస్తుంటే చూసిన. నువ్వు బయటికొస్తే చీపురు గుంజుకుంటవని ఊకున్న."

శిక్షణకు పద్దెనిమిది మంది పాస్టర్లు వచ్చారు. పనులు సాలమ్మ పంచింది. మొదటి పాఠం తనే తీసుకుంది. ప్రేమ్‌సాగర్ అయ్యగారికి చెప్పుల కాపలా పడింది.