నీలం చుక్క, ఎర్ర చుక్క

ప్రజల కడుపులోకి ఏది వెళ్లాలన్నా ముందు తన మనస్సాక్షిలోంచి వెళ్లాల్సిందేనని ఆహార శాఖ మంత్రిగారు నిండు సభలో ప్రకటించారు. ఇంతకుముందు రెండు వంతెనలూ ఒక చెరువూ ఆ దారినే వెళ్లాయి కాబట్టి అది ఇరుకు దారని ఎవరూ అనుకోలేదు. చప్పట్లు మోగాయి.

సంగతి కొత్త మొక్కజొన్న గురించి. పురుగు పట్టకుండా గింజ లోపలే ఏదో మార్చారట. దాన్ని జన్యుమార్పిడి అంటారు. చూసి తిందాం అని సగం మంది, తిని చూద్దాం అని సగం మంది ఏడాదిగా కొట్టుకుంటున్నారు.

"నేను మూడు పార్టీలు మారాను. నాలో ఏమైనా మార్పు వచ్చిందా?" అని అడిగారు మంత్రిగారు.

"రాలేదు!" అంది సభ ఏకకంఠంతో.

"మరి జన్యువు మారినంత మాత్రాన మొక్కజొన్న మారిపోతుందా? అయినా సరే, నా మాట నమ్మకండి. ఎలుకల మాట నమ్మండి. తొంభై రోజులు మా ల్యాబులో ఎలుకలు దీన్ని తింటాయి. వాటికేమీ కాకపోతే ఆ వెంటనే వచ్చే సోమవారం నుంచి బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో ఇదే!"

ఒక ప్రభుత్వం ఎలుకల మాట మీద నడవడానికి సిద్ధపడటం ఎంత వినయం! సభలో కొందరు కళ్లు తుడుచుకున్నారు.

ఆ ఎలుకలకి తిండి పెట్టేది ఒకావిడ. పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఆఫీసులో అందరూ ఎలుకలమ్మ అంటారు. మొత్తం ఎనభై తెల్ల ఎలుకలు. ఎ గుంపు నలభైకి తోక మీద నీలం చుక్క, అవి కొత్త మొక్కజొన్న తినాలి. బి గుంపు నలభైకి ఎర్ర చుక్క, అవి మామూలు తిండి తినాలి. చుక్కలు చెరిగిపోతుంటాయి కాబట్టి ప్రతి సోమవారం ఎలుకలమ్మ బ్రష్షు పట్టుకుని, గోళ్లకి రంగు వేసినంత ఓపికగా, ఎనభై తోకలకీ మళ్లీ పెట్టేది.

ఆవిడకో కూతురు. మూడో తరగతి. సర్కారు బడి. సెలవు రోజున తల్లితో ల్యాబుకి వచ్చి బోనుల ముందు గొంతుక్కూర్చుని, "అమ్మా, నీలం చుక్కవే ముద్దొస్తున్నాయి కదూ? నేను ఎలుకనైతే నీలం గుంపులో చేరతా" అనేది.

"ముందు మనిషివై ఎక్కాలు అప్పజెప్పు" అనేది తల్లి.

మంత్రిగారి ప్రకటన విన్న రాత్రి ఎలుకలమ్మ కూరలు తరుగుతూ లెక్క వేసుకుంది. ఎలుకలకి ఏమైనా అయితే పిల్లకి ఆ తిండి పెట్టరు. ఎలుకలకి ఏమీ కాకపోతే పిల్లకీ ఏమీ కాదు. ఎటు చూసినా భయపడాల్సింది లేదు. కాకపోతే ముందు ఎలుకలు తినాలి.

మర్నాడు పొద్దున్నే స్టోరుకి వెళ్లింది.

"అన్నయ్యా, కొత్త మొక్కజొన్న బస్తా వచ్చిందటగా. రెండు కిలోలు ఇవ్వు."

"వచ్చింది. నిక్షేపంలా ఉంది. ఇవ్వకూడదు" అన్నాడు స్టోర్‌కీపరు.

"ఎందుకివ్వకూడదు?"

"పద్నాలుగో నిబంధన. సురక్షితమని తేలని ఆహారాన్ని ఈ స్టోరు నుంచి ఏ ప్రాణికీ జారీ చేయరాదు."

"సురక్షితమో కాదో తేల్చడానికేగా అడుగుతున్నాను?"

"తేల్చు. తేల్చి కాగితం పట్రా. బస్తా బస్తా నీదే."

"గింజ ఇవ్వకుండా ఎలా తేల్చను?"

"అది నీ విభాగం చెల్లెమ్మా. నా విభాగం తాళం."

ఎలుకలమ్మ ఇండెంటు రాసింది. అది పదకొండు బల్లలు దాటాలి. మూడో బల్ల మీద 'ఎలుకల వయసు ధ్రువీకరణ జతపరచలేదు' అని వెనక్కి వచ్చింది. ఆరో బల్ల మీద 'మామూలు మొక్కజొన్న ఉండగా కొత్తది ఎందుకు?' అని వచ్చింది. దానికి జవాబు రాసి పంపితే, ఆ బల్ల మనిషి ప్రమోషన్ మీద వెళ్లిపోయాడు. బల్ల కూడా వెళ్లిపోయింది.

ఈలోగా ఎలుకలు నిబంధనలు చదవవు, ఆకలేస్తే అరుస్తాయి. ఎలుకలమ్మ క్యాంటీన్లో మిగిలిన బ్రెడ్డు తెచ్చి ముక్కలు చేసి పెట్టింది. నీలం చుక్కలకీ బ్రెడ్డే, ఎర్ర చుక్కలకీ బ్రెడ్డే. రిజిస్టర్లో 'తిన్నది' అన్న గడిలో నిజాయితీగా 'బ్రెడ్డు' అని రాసింది.

డైరెక్టరుగారు పిలిపించారు.

"ఏవమ్మా, ఇదేం రాత? ఎలుకలు ఏం తిన్నాయి?"

"బ్రెడ్డు సార్."

"బ్రెడ్డు ఆహారమా కాదా?"

"ఆహారమే సార్."

"మరి ఆహారం అని రాయడానికి నీకేం నొప్పి? అబద్ధం రాయమన్నానా?"

లేదు. అనలేదు. ఆయన జీవితంలో ఎవరినీ అబద్ధం రాయమనలేదు. అందుకే ఆ కుర్చీలో పదేళ్లుగా ఉన్నారు.

నలభై అయిదో రోజున మంత్రిగారు కెమెరాలతో సహా ల్యాబుకి విచ్చేశారు. నీలం చుక్క ఎలుకల్లో పదిహేడో నంబరుని అరచేతిలోకి తీసుకుని, "ఇది నా బిడ్డలాంటిది" అన్నారు. బిడ్డ అన్నాక ఊరికే ఉంటారా? తన టీ ప్లేట్లోని క్రీము కేకు తినిపించారు. ఫొటో సరిగ్గా రాలేదంటే ఇంకో ముక్క పెట్టారు. వీడియో వాళ్లు అడిగితే మూడోది.

సాయంత్రానికి పదిహేడో నంబరు కాలం చేసింది.

మర్నాడు మాజీ మంత్రిగారు సంతాప సభ పెట్టారు. ఎలుక ఫొటో ముందు రెండు నిమిషాలు మౌనం పాటించి, కొత్త మొక్కజొన్న మొదటి బలి తీసుకుందని గద్గద స్వరంతో చెప్పారు. ఈ విత్తనాన్ని దేశానికి తెచ్చింది ఆయనే. ఆయన పదవిలో ఉండగా దీన్ని వ్యతిరేకిస్తూ రోడ్డుకి అడ్డంగా పడుకున్నది ఇప్పటి మంత్రిగారే. ఎన్నికలయ్యాక కుర్చీతో పాటు ప్రసంగాలు కూడా ఇచ్చిపుచ్చుకున్నారు. ఇద్దరికీ టైపిస్టు ఒక్కడే. 'ఉంది' అన్నచోట 'లేదు' కొట్టి ఇస్తాడు.

ల్యాబులో వేరే చిక్కు వచ్చింది. ఎ గుంపులో ముప్ఫై తొమ్మిది, బి గుంపులో నలభై. రెండు గుంపుల మధ్య తేడా కనబడుతోందే! డైరెక్టరుగారు క్షణం ఆలోచించి బి గుంపులో కూడా ఒకదాన్ని రిజిస్టర్లో చంపించారు. అది పోయిన రోజు నుంచీ ఇంకాస్త ఎక్కువ తింటోంది.

ఎలుకలమ్మకి నిద్ర పట్టలేదు. సగం రోజులు గడిచాయి, ఒక్క ఎలుక నోట్లో ఒక్క గింజ పడలేదు. ఇంట్లో చెబితే అత్తగారు, "నీకెందుకే? జీతం ఎలుకలిస్తున్నాయా?" అంది. ఆఖరికి ధైర్యం చేసి మాజీ మంత్రిగారి ఇంటికి వెళ్లింది. ప్రతిపక్షం అంటే నిజం వినే చెవి అని కాలేజీలో పౌరశాస్త్రం లెక్చరరు చెప్పిన మాట ఇంకా మర్చిపోలేదు పాపం.

"సార్, ఆ ఎలుకలు కొత్త మొక్కజొన్న ముట్టనే లేదు."

"ముట్టలేదా!" అంటూ ఆయన లేచి నిలబడ్డారు. "అసలు ముట్టలేదా?"

"ఒక్క గింజ కూడా ముట్టలేదు సార్. ఎందుకంటే అసలు..."

"చాలమ్మా! ఆ ఒక్క మాట చాలు. మిగతాది మేం చూసుకుంటాం."

తెల్లారేసరికి అన్ని పేపర్లలోనూ 'ఎలుకలు కూడా ముట్టని మొక్కజొన్న!' అని వచ్చింది. మాజీగారు తమ ప్రకటనలో, మూగజీవాలకున్న జ్ఞానం ఈ ప్రభుత్వానికి లేదన్నారు.

మధ్యాహ్నానికి మంత్రిగారు బదులిచ్చారు. "పురుగు ముట్టదు. ఎలుకా ముట్టదు. పొలంలో భద్రం, గిడ్డంగిలో భద్రం. రైతుకి ఇంతకంటే మంచి పంట ఏం కావాలి? ఈ గొప్పతనాన్ని బయటపెట్టినందుకు ప్రతిపక్షానికి ధన్యవాదాలు!"

ఎలుకలమ్మ పేపరు మడిచి బోను కింద పరిచింది. ఎలుకలు దాన్ని మాత్రం ముట్టాయి.

తొంభయ్యో రోజున నివేదిక తయారైంది. నూట ఇరవై పేజీలు, రంగు రంగుల బొమ్మలు. చివరి వాక్యం ఇది: 'రెండు గుంపుల మధ్య ఏ విధమైన తేడా కనబడలేదు.'

"సార్, రెండు గుంపులూ బ్రెడ్డే తిన్నాయి" అంది ఎలుకలమ్మ. ఈసారి గొంతు కొంచెం పెరిగింది. "నా కూతురు తినేది బ్రెడ్డు కాదు సార్."

డైరెక్టరుగారు జాలిగా చూశారు. "చదువుకున్నదానివి, నువ్వే ఇలా మాట్లాడితే ఎలాగమ్మా? బ్రెడ్డు తిన్నాయి కాబట్టే తేడా లేదు. తేడా లేదు కాబట్టే లేదని రాశాం. ఇందులో ఏ అక్షరం తప్పో చెప్పు, కొట్టేస్తాను."

ఎలుకలమ్మ నూట ఇరవై పేజీలూ తిరగేసింది. ఒక్క అక్షరం తప్పు లేదు.

ఆ సాయంత్రమే స్టోర్‌కీపరు స్వయంగా వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"చెల్లెమ్మా, సురక్షితమని కాగితం వచ్చేసింది! ఇక ఎంత కావాలంటే అంత పట్టుకెళ్లు."

సర్కారు దృష్టిలో పరీక్ష అయిపోయింది. ఎలుకలమ్మ దృష్టిలో ఇంకా మొదలే కాలేదు. బడిలో కొత్త తిండి మొదలయ్యే సోమవారానికి నాలుగు రోజులుంది. నాలుగు రోజులైనా సరే, ఎవరూ అడగకపోయినా సరే, తానే పెట్టి చూద్దామని డబ్బా పట్టుకుని స్టోరుకి పరుగెత్తింది.

తాళం తీశారు. బస్తా మీద సీలు చెక్కు చెదరలేదు. అడుగున మాత్రం పిడికెడంత కంత. లోపల పిడికెడు పొట్టు. గోడ మూల ఇంకో కంత.

"అన్నయ్యా, ఇదేంటి?"

"ఎలుకలు."

"ఏ ఎలుకలు?"

"నీవి కావులే. ఊళ్లోవి."

"మొత్తం తినేశాయా? తిన్నవాటికి ఏమైంది?"

"స్టాకు రిజిస్టర్లో లేని ప్రాణుల గురించి నేను మాట్లాడకూడదు" అన్నాడు స్టోర్‌కీపరు.

ఎలుకలమ్మ వంగి గోడ కంతలోకి చూసింది. చీకట్లో రెండు కళ్లు మెరిసి మాయమయ్యాయి. కళ్లని బట్టి ఆరోగ్యం చెప్పడం కష్టం.

ఆదివారం రాత్రి ఆవిడకి ఉన్నట్టుండి మనసు తేలికపడింది. ఒకే భవనంలో, కింది అంతస్తు నుంచి పై అంతస్తుకి ఒక బస్తా రావడానికి తొంభై రోజులు చాలలేదు. ఇక ఊరి చివర బడికి బస్తాలు చేరాలంటే పిల్ల చదువు ముగిసి, ఉద్యోగం వచ్చి, రిటైరవ్వాలి. పద్దెనిమిదేళ్ల సర్వీసులో మొదటిసారి ఎలుకలమ్మ తన శాఖ పనితీరు మీద పూర్తి నమ్మకం ఉంచి, కంటినిండా నిద్రపోయింది.

సోమవారం సాయంత్రం కూతురు గెంతుకుంటూ వచ్చి బ్యాగు విసిరేసింది.

"అమ్మా! ఇవాళ మమ్మల్నందర్నీ తూచారు. పళ్లు లెక్కపెట్టారు. జుట్టు ఊడుతోందా అని లాగి చూశారు."

"ఎవరే?"

"మీ డైరెక్టరు సారు. నీకు చెప్పమన్నారు, రేపట్నుంచి మా బడి రిజిస్టరు కూడా నువ్వే రాయాలట. కొత్తది కొనలేదు, నీదే పట్టుకొచ్చారు. 'ఎలుక నంబరు' అని ఉన్నచోట కొట్టేసి 'విద్యార్థి నంబరు' అని రాసుకున్నారు."

ఎలుకలమ్మ గరిటె పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది. పిల్ల బొటనవేలు చాచి చూపించింది. గోరు మీద గుండ్రంగా నీలం చుక్క.

"ముందు నాకు ఎర్రదే పెట్టబోయారు. నేను బతిమాలి నీలం పెట్టించుకున్నా!"

"మంచిదే తల్లీ" అంది ఎలుకలమ్మ నెమ్మదిగా. "బస్తాలు ఎలాగూ వచ్చి ఉండవు."

"ఎందుకు రావు? శనివారమే వచ్చేశాయి. సర్కారు సరుకు రెండు రోజులు ముందు రావడం తన జన్మలో చూడలేదని మా టీచరు ఆశ్చర్యపోయింది. భలే ఉందమ్మా ఆ మొక్కజొన్న, నేను రెండోసారి కూడా అడిగి తిన్నా." పిల్ల గోరు మీద చుక్కని మురిపెంగా చూసుకుంది. "ఎర్ర చుక్కవాళ్లకి ఉత్త బ్రెడ్డు పెట్టారు, పాపం."